సంపాదకీయంలో చుట్టిన మాత్ర

మానవుడు నిప్పును ఏనాడు కనిపెట్టాడో, చక్రాన్ని ఏనాడు దొర్లించాడో పండితులు లావుపాటి పుస్తకాల్లో రాసిపెట్టారు. ఒక వస్తువును నలుగురి ముందూ అమ్ముతూనే, అబ్బే, ఏమీ అమ్మలేదన్నట్టు కనిపించేలా పాత పేపరులో చుట్టే విద్య ఏనాడు పుట్టిందో మాత్రం ఒక్కరూ రాయలేదు. ఇంతటి లోటుతో చరిత్ర ఇన్నాళ్లు ఎలా నెట్టుకొచ్చిందో తెలియదు. కనీసం బస్టాండు ఎదురుగా ఉన్న మందుల షాపు వరకైనా ఆ లోటు తీర్చడం మన విధి.

ఆ షాపులో ఈ విద్యకు ఆద్యుడు షాపు ఓనరు. ఇరవై రెండేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున్నే తలస్నానం చేసి, కౌంటరు వెనక ఎత్తుపీట మీద కూర్చుని, వారం రోజుల పేపర్లు ముందేసుకుని మొదటి పొట్లం కట్టాడు. అప్పటి నుంచి ఏ ఆదివారమూ తప్పలేదు. కూతురి పెళ్లినాడు కూడా మేళం మొదలయ్యేలోపు పన్నెండు పొట్లాలు కట్టి వెళ్లాడు. ఏవి చుట్టాలో ఏవి చుట్టనక్కర్లేదో ఆయనే తేల్చాడు. దగ్గు మందు చుట్టనక్కర్లేదు, దగ్గు మర్యాదస్తుల జబ్బు. గుండె మాత్రలు చుట్టనక్కర్లేదు, అవి హోదా. చుట్టాల్సినవి వేరు: ఆడవాళ్ల ప్యాడ్లు, కండోములు, గర్భం ఉందో లేదో చూసుకునే పట్టీలు, మొలల మందు, పేల మందు, నులిపురుగుల మాత్రలు. వీటన్నిటికన్నా సిగ్గుమాలినదని ఆయన నిర్ణయించినది ఒకటుంది. జాగ్రత్త తప్పిన మర్నాడు, గర్భం నిలవకుండా వేసుకునే అత్యవసర మాత్ర. ఒక్కటే మాత్ర, ఒక్కసారే వేసుకోవాలి. దాని అట్టపెట్టె మీద ఒక ఆడమనిషి నవ్వుతూ ఉంటుంది. నవ్వడానికి ఏముందని ఆయన అభ్యంతరం. అందుకని అట్టపెట్టె తీసేసి, లోపల మడిచిపెట్టిన సూచనల కాగితం తీసేసి, ఒట్టి రేకును మాత్రం పొట్లంలో పెట్టేవాడు.

అన్నీ పొట్లాలే అయితే ఏది ఏదో తెలిసేదెలా? దానికీ శాస్త్రం ఉంది. కండోములు ఆటల పేజీలో చుట్టేవాడు, ఎందుకో ఆయన్నే అడగాలి. పరీక్ష పట్టీలు సినిమా పేజీలో. నులిపురుగుల మాత్ర ఇళ్లు అద్దెకివ్వబడును, కుక్కపిల్ల తప్పిపోయినది వగైరా చిన్న ప్రకటనల పేజీలో. అత్యవసర మాత్ర సంపాదకీయం పేజీలో. సంపాదకీయం ఎవరూ చదవరు కనుక అంతకుమించిన గోప్యత లేదని ఆయన సిద్ధాంతం. ఈ పొట్లాలన్నీ ఆయన కూర్చునే వైపు సొరుగులో ఉండేవి. సొరుగుకు తాళం. తాళంచెవి ఆయన జేబులో. అడిగినవాళ్లకు ఆయనే తీసి, గుప్పిట్లో దాచి, వాళ్ల అరచేతిలో పెట్టి, వేళ్లు మూసేవాడు. దొంగసొత్తు మార్చుకునేవాళ్లు కూడా అంత నేర్పుగా మార్చుకోరు. అందుకే బస్టాండు మొత్తానికీ ఆయన గుప్పిటాయన.

ఆ సొరుగు ముట్టుకునే హక్కు లేని వ్యక్తి ఆ షాపులో ఒక్కతే. పంతొమ్మిదేళ్లుగా షాపును నడుపుతున్నదీ ఆమే.

ఆమెను అందరూ కత్తెరక్క అంటారు. పది మాత్రల రేకులోంచి మూడు కావాలంటే మూడు, ఏడు కావాలంటే ఏడు, గీత గీసినట్టు కత్తిరించి ఇస్తుంది. ఆ కత్తెర పోతుందని గుప్పిటాయన దాన్ని నైలాను తాడుతో కౌంటరు మేకుకు కట్టించాడు. తాడు మూడడుగులు. డాక్టర్ల చేతిరాత చదవగలదు. ఏ అరలో ఏ మందు ఏ మూల ఉందో కళ్లు మూసుకుని చెబుతుంది. గోడ మీద అద్దాల చట్రంలో ఉన్న లైసెన్సు మాత్రం గుప్పిటాయన పేరుతో ఉంటుంది. ఆయనకు మందుల గురించి తెలిసినదంతా ఆ చట్రంలో సరిపోతుందని ఆమె అంచనా.

ఆమె పేరు కూడా అలాంటి చట్రంలో ఉండవలసిందే. ఇరవై రెండేళ్ల వయసులో మందుల కోర్సు రెండో ఏడు చదువుతోంది. చంకలో ఏడు నెలల కొడుకు. "పాలిచ్చే తల్లికి కడుపు రాదే, నేను చెప్తున్నాగా" అంది అత్తగారు. ఆవిడ సొంత కొడుకులిద్దరి మధ్య తేడా పదమూడు నెలలు. ఆ లెక్క ఆవిడకు ఆ క్షణంలో గుర్తురాలేదు. అనుమానం వచ్చిన మర్నాడు కత్తెరక్క, అప్పటికింకా ఆమె చేతికి కత్తెర రాలేదు, ఒక మందుల షాపు ముందు అరగంట నిలబడింది. లోపల ముగ్గురు మగవాళ్లున్నారు. చివరికి తలనొప్పి మాత్ర కొనుక్కుని ఇంటికి వెళ్లింది. ఆ తలనొప్పి మాత్ర ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. కూతురంటే ఆమెకు ప్రాణం, దాన్ని చూసి ఒక్కరోజూ అయ్యో అనుకోలేదు. కానీ ఆ ముగ్గురు మగవాళ్ల వీపులు మాత్రం ఇప్పటికీ గుర్తున్నాయి. ఆగిపోయిన కోర్సు మళ్లీ మొదలవలేదు.

అందుకేనేమో ఆమెకొక అలవాటు పట్టుకుంది. గుప్పిటాయన చెత్తబుట్టలో పడేసిన సూచనల కాగితాలన్నీ ఏరుకునేది. మధ్యాహ్నం డబ్బా తెరిచి, ఒక చేత్తో తింటూ, ఇంకో చేత్తో ఆ చీమతలకాయంత అక్షరాలు చదివేది. అత్యవసర మాత్ర కాగితం ఆమెకు కంఠతా వచ్చు. కలిసిన డెబ్బై రెండు గంటల్లోపు వేసుకోవాలి. ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు, ఆలస్యమైన కొద్దీ బలం తగ్గుతుంది. రెండు గంటల్లో వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. ఇది కడుపు తీసే మందు కాదు, అప్పటికే గర్భం నిలిచి ఉంటే దాన్నేమీ చేయదు. ఇంత విషయం ఆ కాగితంలో ఉంటే, దాన్ని చెత్తబుట్ట చదివేది, కత్తెరక్క చదివేది. వేసుకునేవాళ్లు తప్ప అందరూ చదివినట్టే.

ఒక ఆదివారం పొద్దున పదింటికి కండక్టరమ్మ వచ్చింది.

ఎదురు బస్టాండులోంచి బయల్దేరే బస్సుల్లో ఒకదాని కండక్టరు. ముప్పై దాటలేదు. ఈలను మెడలో గొలుసులా వేసుకుంటుంది. ఎనిమిది నెలల పసిబిడ్డ, నాలుగేళ్ల పెద్దది. రెండూ కోత కాన్పులే. రెండోసారి డాక్టరమ్మ కుట్లు విప్పుతూ, "రెండేళ్లదాకా మళ్లీ వద్దమ్మా, ఈ పొట్ట తట్టుకోదు" అని మొగుడికి కూడా వినిపించేలా చెప్పింది. మొగుడు మంచివాడు. మంచివాడు కావడం తప్ప వేరే పని పెట్టుకోడు. శనివారం తొడుగు చిరిగింది. "ఒక్కసారికి ఏమవుతుందే" అని అటు తిరిగి పడుకున్నాడు. మాత్రకు వెళ్లవలసింది మాత్రం ఆమే.

గుప్పిటాయన ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. షాపులో అప్పుడు నలుగురైదుగురున్నారు. ఆయన గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గించాడంటే అందరూ చెవులు పెంచుతారు.

"ఎవరికమ్మా?"

"నాకే."

"మీ ఆయనకు తెలుసా?"

"ఆయనకు తెలియకుండా ఎలా వస్తుందండీ ఈ అవసరం?"

ఎవరో కిసుక్కున నవ్వారు. గుప్పిటాయన మొహం ముడుచుకుని, సొరుగు తాళం తీసి, సంపాదకీయం పొట్లం ఒకటి ఏరి, గుప్పిట్లో పెట్టి ఇచ్చాడు. "వెళ్లి వేసుకో. ఇలాంటివి అలవాటు చేసుకోకూడదు" అన్నాడు.

మూడడుగుల దూరంలో కత్తెరక్క ఎవరికో ఐదు మాత్రలు కత్తిరిస్తోంది. అన్నీ విన్నది. ఐదో మాత్ర దగ్గర గీత వంకరపోయింది. పంతొమ్మిదేళ్లలో అదే మొదటిసారి.

మంగళవారం పదకొండు గంటలకు కండక్టరమ్మ మళ్లీ వచ్చింది. బస్సు ఎదురుగా ఆగి ఉంది, బయల్దేరడానికి ఇరవై నిమిషాలుంది. పసిదానికి జ్వరం చుక్కలు కావాలంది. గుప్పిటాయన లేడు. పక్క ఊళ్లో బావమరిది ఇంటికి వెళ్లాడు, సాయంత్రం వస్తాడు. షాపులో ఉన్నది రిటైరైన పోస్టుమాస్టరు ఒక్కడే. ఆయనకు చెవుడు. దగ్గు బిళ్లల కోసం వచ్చి, ఏ రంగువి కావాలో తేల్చుకోలేక పావుగంటగా బల్ల మీద కూర్చున్నాడు.

చుక్కల సీసా సంచిలో వేసుకుని కండక్టరమ్మ ముందుకు వంగింది.

"అక్కా, ఒకటడగనా? నవ్వకు."

"అడుగు తల్లీ."

"ఆ మాత్ర తియ్యగా ఉంటుందా?"

"ఏ మాత్ర?"

"అదే. ఆదివారంది. డిపో గదిలో వేసుకున్నా. మింగబోతే నోట్లోనే కరిగింది. పిల్లల చాక్లెట్టులా, ఏదో పండు వాసన. ఇంత సిగ్గుపడి కొన్నందుకు కనీసం రుచైనా బాగుందిలే అనుకున్నా."

కత్తెరక్క చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆ మాత్రకు తీపి లేదు. దానికి రుచే లేదు. ఆ షాపులో నోట్లో కరిగే, పండు వాసన వచ్చే, ఒంటి మాత్ర ఒకటే ఉంది.

సరిగ్గా అప్పుడే పోస్టుమాస్టరు బల్ల మీద నుంచి కేకేశాడు. చెవిటివాళ్లకు గుసగుస రాదు.

"అమ్మాయ్, చెప్పడం మరిచా. మొన్న మీ ఓనరు ఇచ్చిన నులిపురుగుల మాత్ర బాగాలేదు. ఎప్పుడూ తియ్యగా ఉండేది. ఈసారి నమిలితే సుద్దముక్క. కంపెనీ మార్చారా?"

కత్తెరక్క ఆయన వైపు చూసింది. కండక్టరమ్మ వైపు చూసింది. మళ్లీ ఆయన వైపు చూసింది. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో అప్పటిదాకా వినడమే, ఇప్పుడు స్వయంగా తెలిసింది.

"అక్కా, ఏమైంది? అలా చూస్తావేం?"

"నువ్వు వేసుకుంది పురుగుల మందు."

"ఏంటీ?"

"కడుపులో పురుగులు పోయే మందు. నీది ఆయన మింగాడు, ఆయనది నువ్వు మింగావు."

కండక్టరమ్మ కౌంటరు అంచు పట్టుకుంది. చేయి తనంతట తానే పొట్ట కింద, కుట్ల మీదకు పోయింది. "అయితే ఇప్పుడు? అక్కా, ఇప్పుడేంటి నా గతి?"

"ఉండు, ఉండు. శనివారం ఎన్నింటికి?"

"పదకొండు దాటింది."

వేళ్ల మీద కత్తెరక్క గంటలు లెక్కపెట్టింది. అరవై. ఇంకా పన్నెండు ఉన్నాయి. కానీ ఆ కాగితంలో రాసింది ఆమెకు తెలుసు. చివరి నిమిషందాకా ఆగితే సరిపోతుందని అందులో లేదు, ఒక్కో గంటా పోయేకొద్దీ బలం పోతుందని ఉంది. నాలుగైదు అడుగుల అవతల, తాళం వేసిన సొరుగులో ఆ మాత్రలు హాయిగా సంపాదకీయాలు కప్పుకుని పడుకున్నాయి. ఊళ్లో మరో మందుల షాపుంది. ఆ ఓనరు ఇలాంటి సరుకు అసలు ఉంచడు, అది గొప్పగా బోర్డు మీద రాసి కూడా పెట్టుకున్నాడు.

ఆమె గుప్పిటాయనకు ఫోను చేసింది. అవతల గిన్నెల చప్పుడు, బావమరిది నవ్వులు.

"సార్, సొరుగు తాళం పగలగొట్టాలి."

"ఏంటమ్మాయ్, ఏం మాట్లాడుతున్నావ్?" నలభై నాలుగేళ్లొచ్చినా ఆయనకు ఆమె అమ్మాయే.

ఆమె చెప్పింది. ఆయన విన్నాడు. తర్వాత నవ్వాడు.

"ఇరవై రెండేళ్లుగా కడుతున్నా. నా పొట్లం తప్పడమా? ఆవిడే ఏదో తిని ఉంటుంది."

"పోస్టుమాస్టరుగారు కూడా ఏదో తిన్నారా సార్?"

"సరే, సాయంత్రం వచ్చాక చూస్తాలే. అప్పుడు ఆవిడ మొగుణ్ణి రమ్మను, మాట్లాడతా."

"మొగుడితో ఏం మాట్లాడతారు? మాత్ర ఆయన వేసుకుంటాడా?"

"గొంతు తగ్గించు. షాపులో ఎవరైనా ఉంటే నలుగురూ ఏమనుకుంటారు?"

"ఎవరు సార్ ఆ నలుగురూ? పంతొమ్మిదేళ్లుగా కౌంటరులో నిలబడుతున్నా. ఒక్కసారన్నా వచ్చి ఒక్క మాత్ర కొన్న పాపాన పోలేదు. వాళ్ల కోసం మీరు పేపర్లు చుడతారు, వాళ్ల కోసం మేం గొంతు తగ్గిస్తాం. ఎక్కడుంటారు వాళ్లు? చెప్పండి, పోయి నేనే అడిగొస్తా."

"తాళం ముట్టుకున్నావంటే బాగుండదు, చెప్తున్నా."

ఫోను పెట్టేసింది. బస్సుకు పదమూడు నిమిషాలుంది.

కత్తెర తీసుకుని సొరుగు వైపు నడిచింది. రెండడుగులు వేసేసరికి చేయి వెనక్కి లాగినట్టయింది. తాడు. సొరుగు ఇంకా మూరెడు దూరంలో ఉంది. గుప్పిటాయన పంతొమ్మిదేళ్ల కిందట ఆ తాడు పొడవు ఊరికే కొలిపించలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ కత్తెర ఇన్నేళ్లలో లక్షల రేకులు కోసింది, పసిపిల్లల మందు సీసాల మూతలు కోసింది, ఒకసారి వేలికి బిగుసుకుపోయిన ఉంగరం కూడా కోసింది. తన మెడకున్న తాడును కోయాలన్న ఆలోచన దానికీ రాలేదు, ఆమెకూ రాలేదు. తాడును రెండు మడతలు పెట్టి కత్తెర అలుగుల మధ్య దూర్చి నొక్కింది. ఒక్క కటుక్కు.

మూసిన కత్తెరను సొరుగు పైసందులో దూర్చి, శరీరం బరువంతా వేసింది. చెక్క కీచుమంది. తాళం నాలుక ఊడి కిందపడింది.

సొరుగు మొత్తం తీసుకొచ్చి కౌంటరు మీద బోర్లించింది. ఆటల పేజీలు, సినిమా పేజీలు, అన్నీ గుట్టగా పడ్డాయి. సంపాదకీయం పొట్లాలు పక్కకు లాగి ఒక్కొక్కటే చింపింది. మొదటిది పురుగుల మాత్ర. రెండోది పురుగుల మాత్ర. మూడోది సరైనది. నాలుగోది మళ్లీ పురుగులది. చింపిన పేపరు తిప్పి చూస్తే సంగతి తెలిసింది. మూడు వారాల కిందట ఆ పేపరువాళ్లు కాగితం పొదుపు కోసం సంపాదకీయం వెనకవైపే చిన్న ప్రకటనలు వేయడం మొదలుపెట్టారు. ఒక పక్క దేశం ఎటు పోతోందన్న ఆవేదన, రెండో పక్క కుక్కపిల్ల తప్పిపోయినది. ఏ పక్క పైకొస్తే ఆ పొట్లం. ఇరవై రెండేళ్ల శాస్త్రం ఒక్క కాగితం తిరగబడితే తలకిందులైంది. ఆ శాస్త్రజ్ఞుడు పేజీ గుర్తుపట్టడమే తప్ప ఏనాడూ పేపరు చదవలేదు గనక ఆ సంగతి ఆయనకు తెలియనే లేదు.

ఆమె రేకు మీద అక్షరాలు రెండుసార్లు చదివింది. గడువు తేదీ చూసింది. పైకి వినిపించేలా చదివి కండక్టరమ్మ చేతిలో పెట్టింది.

"నువ్వూ చదువు. ఇకమీదట ఎవరేమిచ్చినా చదవకుండా నోట్లో వేసుకోకు."

"ఇక్కడేనా? అందరిముందా?"

"ఇక్కడే. ఇప్పుడే. చీకటి గదిలో వేసుకుంటే ఏమైందో చూశావుగా."

కండక్టరమ్మ నీళ్ల సీసా మూత తీసి, మాత్ర మింగింది. ఒక్క క్షణం నాలుక ఆడించి చూసుకుంది. "తియ్యగా లేదక్కా" అంది. అని ఏడ్చింది.

"రెండు గంటల్లో వాంతి అయితే పరిగెత్తుకు రా. పాలు మానక్కర్లేదు, పసిదానికేం కాదు. నెలసరి వారం ఆలస్యమైతే పరీక్ష పట్టీ ఇస్తా. ఆ పురుగుల మందు సంగతి, అరవై గంటలు ఆగిన సంగతి, రెండూ మీ డాక్టరమ్మకు ఈ సాయంత్రమే చెప్పు. గుసగుసగా కాదు, నోరు తెరిచి చెప్పు."

"ఏం జరుగుతోందమ్మా అక్కడ?" అన్నాడు పోస్టుమాస్టరు. "ఏం వేసుకుంది ఆ పిల్ల?"

కత్తెరక్క ఆయన చెవి దగ్గరకు వెళ్లలేదు. ఉన్నచోటే నిలబడి, వీధి అవతలి బస్సు డ్రైవరుకు కూడా వినపడేలా చెప్పింది.

"గర్భం రాకుండా మాత్ర వేసుకుంది మాస్టారూ!"

"ఓహో." ఆయన తలూపాడు. "మంచి పని. మా ఆవిడ కాలంలో ఇవి లేవు. ఏడు కాన్పులు. ఐదుగురు బతికారు. ఏడోదాంతో ఆవిడ మంచం దిగలేదు." కాసేపు చేతికర్ర పిడి తడుముకున్నాడు. "మరి నేను మింగింది?"

"మీరూ అదే మింగారు."

"నాకేమన్నా అవుతుందా?"

"ఏమీ అవదు మాస్టారూ. ఈ నెల మీకు గర్భం రాదు."

ఏడుస్తూనే కండక్టరమ్మ నవ్వింది. బస్సు హారను మోగింది. వెళ్లేముందు వెనక్కి తిరిగి, "నెలసరి వచ్చిందీ రానిదీ నీకెలా తెలుస్తుందక్కా? నాకు ఫోనులో చెప్పడం సిగ్గు" అంది.

"మెడలో వేలాడుతోందిగా, దానికీ సిగ్గేనా? వస్తే మూడుసార్లు ఊదు."

సాయంత్రం గుప్పిటాయన వచ్చాడు. విరిగిన సొరుగు చూశాడు. తెగిన తాడు చూశాడు. చింపిన సంపాదకీయాలు చూశాడు. ఏది ఎక్కువ బాధించిందో చెప్పలేం.

"నా షాపులో నా తాళం పగలగొడతావా? ఇన్నాళ్లూ ఆడవాళ్ల పరువు కాపాడుతూ వచ్చా, తెలుసా నీకు?"

"పరువు కాపాడారు. పొట్టను గాలికి వదిలేశారు. ఆ అమ్మాయిని రెండుసార్లు కోశారు సార్. మూడోసారి కోయాల్సొస్తే ఏ పేజీ చుట్టేవారు, ఆటలదా, సినిమాదా? పురుగుల మందు కాగితం ఎప్పుడైనా చదివారా? గర్భం అనుమానం ఉన్నవాళ్లు వాడకూడదని మొదటి వరసలోనే ఉంటుంది. సరిగ్గా ఆ అనుమానంతో వచ్చినదానికే గుప్పిట్లో పెట్టి ఇచ్చారు. పైగా నీతులు కూడా చెప్పారు, అలవాటు చేసుకోకూడదని. ఎవరికండీ అలవాటు? ఇరవై రెండేళ్లుగా ప్రతి ఆదివారం చేస్తున్నది ఎవరు?"

"పొరపాటు అందరికీ జరుగుతుంది."

"అవును. అందుకేగా ఆ మాత్ర తయారుచేశారు. ఆ పొరపాటుకు మందుంది. మీ పొరపాటుకు లేదు."

ఆయన ఊడిన తాళం నాలుక ఏరి జేబులో వేసుకున్నాడు. "రేపటి నుంచి రానక్కర్లేదు" అన్నాడు.

"సరే" అని ఆమె డబ్బా సంచిలో పెట్టుకుంది. అప్పుడే ఒకాయన థైరాయిడ్ మాత్రల చీటీ పట్టుకొచ్చాడు. గుప్పిటాయన అరల వైపు తిరిగాడు. పై అరలో వెతికాడు, కింది అరలో వెతికాడు, నిచ్చెన ఎక్కాడు. గుమ్మంలో కత్తెరక్క చెప్పులేసుకుంటోంది. ఆరు నిమిషాల తర్వాత నిచ్చెన మీద నుంచి, గోడకు చెబుతున్నట్టు, "ఎక్కడ చచ్చాయివి?" అన్నాడు.

"ఎడమ పక్క మూడో అర, నీలం డబ్బా వెనక. రేపు తొమ్మిదింటికి వస్తా. రాగానే ఆ మాత్రలు ముందు అద్దాల అరలో పెడతా, పెట్టెతో, కాగితంతో. మీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి."

ఆయన నీలం డబ్బా వైపు చేయి చాచాడు. అది అంగీకారమూ కాదు, జ్ఞానోదయమూ కాదు. ఆయనకు నిచ్చెన దిగడం రాదు.

మర్నాడు అద్దాల అరలో, ఎదురుగా, కంటి ఎత్తులో, దగ్గు బిళ్లలు తీసేసి ఆ స్థలంలో అత్యవసర మాత్రలు పెట్టింది. అట్టపెట్టె మీద ఆడమనిషి వీధివైపు నవ్వుతూ నిలబడింది. గుప్పిటాయన పది రోజులు కత్తెరక్కతో మాట్లాడలేదు, ఆ అర వైపు చూడనూ లేదు. నలుగురూ వచ్చి షాపు మీద రాళ్లేస్తారని, ఆడపిల్లలు చెడిపోతారని, పాతికేళ్ల వ్యాపారం బూడిదవుతుందని ఫోనులో బావమరిదికి చెప్పుకున్నాడు.

కత్తెరక్క వాటికోసం ఎదురుచూడలేదు. రోజూ పదీ నలభైకి షాపు ముందునుంచి వెళ్లే బస్సు కోసం చూసింది. కండక్టరమ్మ కిటికీలోంచి తల అడ్డంగా ఊపేది. ఒక రోజు, రెండు రోజులు, వారం, రెండు వారాలు. కోపం చల్లారలేదు. ముదిరింది. అరవై గంటల కోపం అది. గుప్పిటాయన మీద, అటు తిరిగి పడుకున్న మంచివాడి మీద, ముగ్గురి వీపుల మీద, పదమూడు నెలల తేడా మరిచిన అత్తగారి మీద. అన్నిటికన్నా ఎక్కువ, ఆదివారం పొద్దున మూడడుగుల దూరంలో నిలబడి నోరెత్తని ఒక కత్తెర మనిషి మీద. నెలసరి రావలసిన తేదీ దాటింది. ఒకటి, రెండు, మూడు రోజులు. ఇంటి దగ్గర కూతురు, "అమ్మా, ఏంటలా పళ్లు కొరుకుతావ్?" అని అడిగింది. ఏమీ లేదనబోయి, ఆగి, తలనొప్పి మాత్రతో మొదలుపెట్టి మొత్తం చెప్పింది. కూతురు సాంతం విని, "నన్ను కొనేసరికి నీకు తలనొప్పి తగ్గిందా లేదా?" అంది.

నాలుగో రోజు పదీ నలభైకి బస్సు మలుపు తిరిగింది. షాపు ఎదురుగా రాగానే ఈల మోగింది. ఒకసారి. రెండుసార్లు. మూడుసార్లు, ఊపిరంతా పట్టి. డ్రైవరు ఏమైందోనని ఠక్కున బ్రేకు వేశాడు. నిలబడ్డవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. "ఏంటమ్మా నీ గోల!" అని లోపల ఎవరో అరిచారు. కండక్టరమ్మ కిటికీలోంచి సగం బయటికి వంగి, ఈల ఇంకా నోట్లోనే ఉంచుకుని, చేతులు ఊపింది.

కత్తెరక్క తాడు లేని కత్తెర ఎత్తి చూపింది. కౌంటరు కిందకు వంగి, ఏదో వెతుకుతున్నట్టు, కాసేపు అక్కడే కూర్చుంది.

ఇదంతా జరిగి రెండు నెలలైంది. ఆ మాత్రలు ఇప్పటికీ ఆ అద్దాల అరలోనే ఉన్నాయి. వాటి గురించి షాపులో ఫిర్యాదు చేసింది ఇప్పటివరకూ ఒక్కరే, పోస్టుమాస్టరు. అంతకుముందు అక్కడుండే దగ్గు బిళ్లలు ఎక్కడ పెట్టారని అడిగాడు.